కమలాపళ్లు దిగాయి, గోంగూర ఎక్కింది

అలాస్కాలో మారుమూల పల్లెలకు నెలకోసారి కళ్లు పరీక్షించడానికి వెళ్తుంటాను. రోడ్డు లేదు, ఆరు సీట్ల విమానమే దిక్కు. ఎక్కేముందు సామానుతో పాటు మనల్నీ తూకం వేస్తారు.

ఈ రోజు పొద్దున బరువు నలభై పౌండ్లు ఎక్కువైంది. ఏదో ఒక పెట్టె దించాలన్నాడు పైలట్. క్లినిక్ కంప్యూటర్లు చూడటానికి ఫ్రిస్కో నుంచి నాతో వస్తున్న శ్రీధర్ గారిదొక అట్టపెట్టె ఉంది. రెండు రోజుల పనికి బియ్యం, రైస్ కుక్కర్, గోంగూర, ఆవకాయ సీసాలు. దాని పక్కన మేం వెళ్లే ఊరి బడి పిల్లల కమలాపళ్ల పెట్టె.

“మీది ఆపేద్దామండీ, రేపటి ఫ్లైట్‌లో వస్తుంది,” అన్నాను.

“అమ్మో, వీళ్ల ఫుడ్ నేను మేనేజ్ చేయలేనండీ. ఆ ఫ్రూట్సే రేపు పంపించమనండి. పిల్లలేగా, వెయిట్ చేస్తారు!”

అంటూ తన పెట్టెను వాటేసుకున్నారు. పైలట్ టైమ్ చూసుకుని కమలాపళ్లు దించేశాడు.

మేం ఆ ఊళ్లో దిగేసరికి బడి టీచరమ్మ మంచు మీద నడిచే స్నోమొబైల్ వెనక ఖాళీ బండి కట్టుకుని ఎదురుచూస్తోంది. పళ్లేవని అడిగింది. “వెదర్ బాలేదు,” అన్నారు శ్రీధర్ గారు తడుముకోకుండా. ఆకాశం అద్దంలా ఉంది. ఆవిడ ఆయన పెట్టెనే ఎత్తి ఆ బండిలో పెట్టుకుంది.

నేను నోరు మెదపలేదు. ఆ మనిషిని చూస్తేనే అసహ్యం వేసింది. మధ్యాహ్నం ఆయన గోంగూర సీసా తెరిస్తే మాత్రం రెండుసార్లు కలుపుకుని తిన్నాను.

తిట్టడం ఎవరితో మొదలుపెట్టాలో మీరే చెప్పండి.