నోరు విప్పని ప్రార్థన

మా పేటలో ఒకరి సంగతి ఊరంతా పాకడానికి ఫోను అక్కర్లేదు, బుధవారం గృహప్రార్థన చాలు. నేను పుట్టి పెరిగింది విశ్వాసుల ఇంట్లోనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. చాప మీద కూర్చుని పాట పాడడం అయ్యాక, "ఫలానా అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండమ్మా" అంటారు. కారణం తెలియకపోతే గుండెలో ఆ భారం ఎలా కలుగుతుంది? అందుకని చెబుతారు. మొత్తం చెబుతారు.

నేనూ చెప్పాను. అప్పుడు రేపల్లెలో ఉండేవాళ్లం, నాకు ఇరవై ఏళ్లు. భర్త చెయ్యి చేసుకుంటున్నాడని పక్కింటి అక్క నాకొక్కదానికే చెప్పుకుంది. ఆ వారం నా వంతు వచ్చినప్పుడు మోకరించి, కళ్లు మూసుకుని, కన్నీళ్లతో సహా అదంతా దేవుడికి విన్నవించాను. అదే చాప మీదున్న అక్క అత్తగారు కూడా విన్నది. అక్క మళ్లీ నా మొహం చూడలేదు. మంచే కోరాను కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఎంత బాగా ప్రార్థించిందో అని నలుగురూ అనుకోవాలని కోరాను.

ఇప్పుడు తెనాలిలో పంతులమ్మను. పోయినేడు మా వీధి అమ్మాయి బాపట్లలోని అత్తవారింటి నుంచి ఒక్క సంచితో తిరిగొచ్చేసింది. ఎందుకో నాకు చెప్పింది. మీకు చెప్పను.

"పిన్నీ, ఇది బయటికొస్తే నేనిక చర్చికి రాలేనండి" అంది. పెళ్లికి ముందు మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆ అమ్మాయే. ఆమెకు మిగిలింది అదొక్కటే.

ఆ బుధవారం ప్రార్థన మా స్త్రీల సమాజం పెద్దమ్మ ఇంట్లో. అమ్మాయి ఇంకా రాలేదు. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"ఆ పిల్ల నీతో మాట్లాడుతోందంటగా. ఏంటమ్మా సంగతి? తెలిస్తేనేగా భారంగా ప్రార్థన చేసేది."

"దేవుడికి తెలుసండి, పెద్దమ్మగారూ."

"దేవుడికి తెలుసులే. మాకు తెలియొద్దూ?"

"అక్కర్లేదండి."

"చదువుకున్నదానివి కదా, పొగరు. సహవాసంలో దాపరికం పనికిరాదమ్మా" అంది పెద్దమ్మ. నాకు ఒళ్లు మండింది. ఆవిడ ఇంటి సంగతి ఒకటి నాకూ తెలుసు. దాన్ని ప్రార్థనలో చుట్టి అందరి ముందూ పెట్టడం నాకు చేతకానిది కాదు, రేపల్లెలోనే నేర్చుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అదీ మీకు చెప్పను. నోటిని అదుపులో పెట్టుకోవడమంటే మెతకతనం అనుకునేవాళ్లు ఆ ఒక్క గుటక మింగి చూడాలి.

నా వంతు వచ్చింది. మోకరించాను. పెదవి విప్పలేదు. మా ప్రార్థనల్లో మౌనానికి చోటుండదు. ఎవరైనా క్షణం ఆగితే పక్కవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అంటూ నింపేస్తారు. నింపారు, అలిసి ఆగారు. ఎవరో దగ్గారు. "కానివ్వమ్మా" అంది పెద్దమ్మ. కదల్లేదు. లోపల మాత్రం రేపల్లె అక్కను తలుచుకున్నాను, ఈ అమ్మాయిని తలుచుకున్నాను, చివరికి పళ్లు బిగబట్టి పెద్దమ్మను కూడా. మోకాళ్లు తిమ్మిరెక్కాక పైకి ఒక్క మాటే అన్నాను, "ఆమెన్" అని.

ఎవరూ బదులు పలకలేదు. గుమ్మం దగ్గర నుంచి మాత్రం ఒక గొంతు గట్టిగా "ఆమెన్" అంది.

చెప్పులు విప్పుకుంటూ అక్కడ ఎప్పటినుంచి నిలబడి విన్నదో, ఆ అమ్మాయి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. పెద్దమ్మకు కూడా పాటతో పాటు చప్పట్లు కలపక తప్పలేదు.