సుయిహా అక్క చూపుడువేలు

మా గుడి దగ్గర బొమ్మలాట కడితే వేదిక ముఖం దేవుడి వైపు ఉండాలి. జనం ఎటు కూర్చున్నా సరే, ఆయనకు మాత్రం ఎదురుగా కనబడాలి. ముందు వరుసలో ఒక బెంచీ ఆయన కోసం ఖాళీగా వదిలేస్తాం. వెనక బెంచీలు మనుషులవి. చాలా ఏళ్లుగా అవి కూడా ఖాళీగానే ఉంటున్నాయి. గుడి ఊడ్చి, దీపాల్లో నూనె పోసి, ధూపం బూడిద ఎత్తే పని నాది కాబట్టి నేను మాత్రం ఒక చివర కూర్చునేవాణ్ణి. అంటే కువా సుయిహా ఆట చూసేది ఇద్దరం, దేవుడూ నేనూ. ఆయన సంగతి తెలియదు గానీ నేను మధ్యమధ్యలో కునుకు తీసేవాణ్ణి.

సుయిహా నాకు చుట్టమేమీ కాదు. ఒకే సందులో పెరిగాం, నాకంటే పెద్దది, అందుకని అక్క. వాళ్ల నాన్న బున్‌తియన్‌కు బొమ్మలాట మేళం ఉండేది. చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలవి. ఒళ్లంతా పట్టుగుడ్డ, తల మాత్రం కర్పూరపు చెట్టు కర్ర. చూపుడువేలు తలలోకి పోతుంది, బొటనవేలు ఒక చెయ్యి, మిగిలిన వేళ్లు ఇంకో చెయ్యి. పాతకాలపువేవీ ఉండకూడదని సర్కారు వాళ్లు అన్నీ పోగేసి తగలబెట్టిన రోజుల్లో ఆ పెద్దమనిషి బొమ్మల బట్టలన్నీ తెచ్చి అందరి ముందూ మంటలో పడేశాడు. తలలు మాత్రం ఆవకూర ఊరగాయ జాడీలో అడుగున పెట్టి, పైన ఊరగాయ నింపేశాడు. సోదాకు వచ్చినవాళ్లు ఆ ఊరగాయే నంచుకుని గంజి తాగి వెళ్లారట. ఇప్పటికీ ముసురు పట్టినప్పుడు బొమ్మల పెట్టె తెరిస్తే ముసలి మంత్రి బొమ్మ గడ్డం దగ్గర పుల్లటి వాసన వస్తుంది.

ఆ రోజులు పోయాక ఆయన కూతురికి ఆట నేర్పాడు. నేర్పాడంటే ఏముంది, అన్నం తింటున్నా, బట్టలుతుకుతున్నా, చూపుడువేలొక్కటీ వంచుతూ లేపుతూ ఉండాలి. మర్చిపోతే అన్నం తినే పుల్లతో కణత మీద ఒకటి పడేది. ఆ వేలు బళ్లో కూడా ఊరికే ఉండేది కాదు. పంతులమ్మ అది తన్ను వెక్కిరించడమనుకుని గోడ కుర్చీ వేయించిందని అక్క ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

బున్‌లై బావ ఆ మేళానికి డోలు కొట్టడానికి ఒక్క పండగకని వచ్చాడు. డోలు అక్కడే పెట్టేసి, అక్కను పెళ్లాడి ఉండిపోయాడు. పెళ్లయిన కొన్నేళ్లకు ఆయనకు జబ్బు చేసింది. మనిషి గోడకు ఆనుకుని కూర్చోలేని స్థితి. పట్నం ఆసుపత్రి వాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ మధ్యాహ్నం అక్క గుడికి వచ్చింది. నేను అప్పుడు మెట్లు కడుగుతున్నాను. మా దేవుడు మనిషి జన్మలో వైద్యుడు, అందుకని ఆయనతో అందరూ వైద్యుడితో మాట్లాడినట్టే మాట్లాడతారు. అక్క మోకాళ్ల మీద కూర్చుని గట్టిగానే అడిగింది.

“ఈయన్ని లేపి కూర్చోబెట్టు. నీ పుట్టినరోజు ఆట ఇక నాది. నా వేలు ఆడినన్నాళ్లూ ఆడతాను. నా తర్వాత సంగతి నాకు తెలీదు, ముందే చెప్తున్నా.”

బావ బతికాడు. మందులు పనిచేశాయో, దేవుడే చేశాడో, నేను తగువులోకి దిగను. ప్రతి ఏడూ మూడో నెలలో ఆయన పుట్టినరోజు పండగకు, పంపర పనస తోటలు పూసి ఊరంతా ఘుమఘుమలాడే రోజుల్లో, అక్క వచ్చి ఆడేది. మిగిలిన మేళాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కా బావా కూడా ఊళ్లో అందరిలాగే పంపర పనస చెట్ల మీదే బతికారు. కానీ ఆ ఒక్క రోజు మాత్రం తప్పలేదు.

నిరుడు శీతాకాలం ఆ వేలు మొరాయించింది. కాయల బుట్టలు ఎత్తీ ఎత్తీనో, వయసు వల్లనో, వంగితే లేవదు, లేస్తే వంగదు. పట్నంలో ఆపరేషను చేయించుకుంది. నొప్పి పోయింది గానీ వేలు కర్రలా నిలబడిపోయింది. మా గుడిలో మందుచీటీల గొట్టం ఉంది. దాన్ని ఊపితే ఒక పుల్ల పడుతుంది, దాని మీద దేవుడు రాసిన మందు ఉంటుంది. అక్క ఊపింది. దాల్చినచెక్క, అల్లం, ఇంకేవో మూలికలు. నెలంతా కాచుకు తాగింది. వేలు అలాగే ఉంది.

“జ్వరాలకీ విరేచనాలకీ అయితే బాగానే రాస్తాడు. వేళ్ల డాక్టరు కాదనుకుంటా ఈయన” అంది నాతో, దేవుడికి వినబడేలా.

ఇక్కడ తెక్‌సింగ్ గురించి చెప్పాలి. పంపర పనసకాయల వ్యాపారం చేస్తాడు, లారీలున్నాయి, మంచివాడే, నోరే కాస్త ఎక్కువ. మా ఊళ్లో ధూపపెద్ద అని ఒకరుంటారు. పండగ బాధ్యతంతా ఏడాదికొకరి నెత్తిన పడుతుంది. ఆ ఒకరెవరో దేవుడే తేలుస్తాడు. ఈసారి తెక్‌సింగ్ మీద పడింది. పడగానే పట్నం నుంచి పెద్ద సినిమా తెర తెప్పిస్తానన్నాడు. సినిమా అయితే జనం వస్తారు, పిల్లలు వస్తారు, దేవుడికీ కాస్త సందడిగా ఉంటుంది. బొమ్మలాట వేదిక ఉంటే తెరకు చోటు లేదు. కానీ అక్క మొక్కు అడ్డం.

అందుకని ఒక పొద్దున్నే వాళ్లింటికి పోయి, ఇచ్చిన టీ తాగి, మెల్లగా కదిపాడట. తర్వాత ముగ్గురూ కలిసి గుడికి వచ్చారు. బావ వెనకాల వస్తూ నాకు కన్ను కొట్టాడు.

“పిన్నీ, నువ్వే అన్నావుగా, వేలు ఆడినన్నాళ్లూ అని. ఇప్పుడు ఆడట్లేదు. మొక్కు తీరినట్టే. ఒక్క మాట ఆయన్నడిగేస్తే నీకూ నిమ్మళం, నాకూ నిమ్మళం” అన్నాడు తెక్‌సింగ్.

“అడుగుతాలేరా. నాకూ ఓపిక లేదు” అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తెక్‌సింగ్ వైపు చూడలేదు, దేవుడి వైపూ చూడలేదు.

మా దగ్గర దేవుణ్ణి అడగడమంటే నెలవంకల్లాంటి రెండు చెక్కలు నేల మీద వేయడం. ఒక్కోదానికి ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పైకి పడితే సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకైతే కాదన్నట్టు. రెండూ చదును పైకైతే దేవుడు నవ్వినట్టు. నవ్వితే మళ్లీ వేయాలి, ముచ్చటగా మూడుసార్ల దాకా వేయొచ్చు.

మొక్కు వదిలేస్తావా అని అడిగి అక్క వేసింది. రెండూ చదును పైకి పడి కాసేపు ఊగి ఆగాయి. నవ్వు.

“సరిగా అడగలేదు పిన్నీ, పేరూ ఊరూ చెప్పి అడుగు.”

“నా పేరు ఆయనకు తెలీదేంట్రా, ఇన్నేళ్ల నుంచీ ఆయన ముందు అరుస్తుంటే?”

అయినా చెప్పింది. మళ్లీ వేసింది. మళ్లీ నవ్వే. మూడోసారి వేసేముందు తన కుడిచెయ్యి పైకెత్తి, నిలబడిపోయిన ఆ వేలిని దేవుడికి చూపించింది. చూసేవాళ్లకు ఆయన్నే బెదిరిస్తున్నట్టుంది. వేసింది. మూడోసారి కూడా నవ్వాడు.

“ఏం నవ్వుతున్నావయ్యా!” అని గుడి అదిరిపోయేలా కేక వేసింది అక్క. “మనిషి వేలు పోయి ఏడుస్తుంటే నవ్వులాటగా ఉందా? డాక్టరువేనా నువ్వు అసలు?”

“నవ్వాడంటే సంతోషించాడనేగా” అని తెక్‌సింగ్ సర్దిచెప్పబోయాడు.

“నీ తెర మాట విని నవ్వుంటాడు” అన్నాడు బావ.

నన్నడిగారు. గుడి ఊడ్చేవాడికి ఏం తెలుస్తుంది? నవ్వు సరే కాదు, వద్దూ కాదు. వదిలిపెట్టాననలేదు కాబట్టి మొక్కు మొక్కే, ఆడాల్సిందే అన్నాను. తెక్‌సింగ్ మొహం మాడ్చుకున్నాడు. చివరికి మధ్యాహ్నం ఆట, అది అయ్యాక వేదిక పీకేసి పొద్దుగూకాక తెర అని ఒప్పందం కుదిరింది.

ఆ మర్నాటి నుంచి అక్క ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఎడమచెయ్యి ఆవిడకు కొత్త కాదు, బంట్రోతుల్నీ గుర్రాల్నీ దానితోనే ఆడించేది. కానీ దేవుడికి మొదటి నమస్కారం పెట్టే దొర బొమ్మ కుడిచేతివాడు. రెండు రెక్కల నల్లటోపీ పెట్టుకుని, పైలోకం నుంచి ఊరికి చల్లని మాట మోసుకొచ్చే దొర. వాడి నడకంతా ఆ వేల్లోనే ఉంటుంది. తోటలో పూత దులుపుతూ, ఎడమచేతికి ఆ దొరను తొడుక్కుని చెట్లకు దండాలు పెడుతూ తిరిగేది. ఒక రోజు నేను అటుగా వెళ్తే చెట్టు కింద కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుని, “వీడు తాగినోడిలా నడుస్తున్నాడు తమ్ముడూ. మా నాన్న చూస్తే జాడీలోంచి ఎందుకు తీశానా అనుకునేవాడు” అంది.

నాకు భయం వేసింది. ఆవిడ ఓడిపోతుందని కాదు. దేవుడి ముందు బొమ్మ తూలితే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ దొర టోపీ నేల మీద పడకూడదు. పడితే ఆ ఏడు దీవెన రాలేదని లెక్క, ఆ చెడు ముందుగా ధూపపెద్ద ఇంటికి తగులుతుందని మా వాళ్ల నమ్మకం.

పండగ రోజు వచ్చింది. తాబేలు ఆకారపు ఎర్ర పిండివంటలు బల్లల నిండా పేర్చారు. నేను ఊహించనిది ఒకటి జరిగింది. తెర కోసం జనం మధ్యాహ్నమే వచ్చేశారు. మంచి చోటు దొరకదని భయం. చాపలు, స్టూళ్లు, విసనకర్రలు, వేరుశనగ సంచులతో సహా వచ్చి, దేవుడి బెంచీ ఒక్కటి వదిలేసి, మిగిలిన చోటంతా ఆక్రమించారు. నా మూల కూడా పోయింది. ఇది ఎప్పుడు అయిపోతుందిరా అన్నట్టు మొహాలు పెట్టుకుని వేదిక వైపు చూస్తున్నారు.

బావ డోలు మోగించాడు. దొర వచ్చాడు. నాలుగడుగులు బాగానే వేశాడు. దేవుడికి ఎదురుగా నిలబడి, వంగి దండం పెట్టాడు.

టోపీ ఊడి కింద పడింది.

వేరుశనగలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. తెక్‌సింగ్ మొహాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆట మొదలయ్యాక మధ్యలో ఆపకూడదు, వాన పడినా, పిడుగు పడినా. బొమ్మ బట్టతలతో అలాగే వంగి ఉంది.

దొర మెల్లగా తలెత్తాడు. టోపీని చూశాడు. దేవుణ్ణి చూశాడు. మళ్లీ టోపీని చూశాడు.

“బయల్దేరేటప్పుడే మా ఆవిడ మొత్తుకుంది, కొత్త టోపీ కుట్టించుకోమని” అన్నాడు, అక్క గొంతులోని ఆ ముసలి మంద్రస్వరంతో.

ఎవరో కిసుక్కుమన్నారు. దొర టోపీ కోసం వంగాడు. దొరకలేదు. డోలు టక్కుమంది. మళ్లీ వంగాడు, టోపీ ఇంకాస్త జరిగింది. మళ్లీ టక్కు. దొర నడుం పట్టుకుని, “ఏమే, ఇంటికి రావా?” అని టోపీని బతిమాలాడు. వెనక నుంచి బావ, మేళగాళ్లు వేదిక మీది బొమ్మతో సరసాలాడే పాత పద్ధతిలో, గట్టిగా అడిగాడు.

“దొరగారూ, తమరిది ఎడమచేతి వాటమా?”

“కుడిచెయ్యి సెలవు పెట్టిందిరా! ముసలిదైపోయింది, పింఛను అడుగుతోంది!”

జనం విరగబడి నవ్వారు. పిల్లలు చాపల మీంచి లేచి వేదిక దగ్గరికి పరుగెత్తారు. చివరికి దొర టోపీని రెండు చేతులా ఎత్తి, నెత్తిన బోర్లించుకుని, మళ్లీ పడిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేత్తో దేవుడికి దండం పెట్టాడు. ఊరికి చల్లని మాట చెప్పాడు. ఆ తర్వాత కథంతా టోపీ పట్టుకునే నడిపించింది అక్క. ఎవరూ లేవలేదు. నేను కునుకు తీయలేదు.

ఆట అయ్యాక దేవుడు దాన్ని అందుకున్నాడో లేదో ధూపపెద్దే అడగాలి. తెక్‌సింగ్ చెక్కలు చేతుల్లోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని వేశాడు. ఒకటి చదును, ఒకటి ఉబ్బు. మొదటిసారికే సరేనన్నాడు. తెక్‌సింగ్ అక్కడే కూలబడి ముక్కు చీదుకున్నాడు. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడం ఎందుకు?

లేచాక వాడికి మళ్లీ నోరు వచ్చింది.

“పిన్నీ, ఇవాళ మంచి మూడ్‌లో ఉన్నాడు. మొక్కు వదిలేయమని కూడా ఇప్పుడే అడిగేసుకో. నా తెర కోసం కాదమ్మా, ఒట్టు. నువ్వింత కష్టపడుతుంటే చూడలేక.”

అక్క చెక్కలు తీసుకుంది. దేవుడి ఎదురుగా నిలబడింది. బయట తెర కట్టేవాళ్లు వేదిక మేకులు పీకుతున్నారు. కర్రలా నిలబడ్డ వేలితో ఆ చెక్కల అంచు తడిమింది. తర్వాత వాటిని పళ్లెంలో తిరిగి పెట్టేసింది.

“అడగలేదేం అక్కా?” అన్నాను.

“ఈసారి సరేనంటాడేమో తమ్ముడూ” అని, బొమ్మల పెట్టె సర్దడానికి వెళ్లిపోయింది.