బోణీ బెజ్జం

ఆ రోజుల్లో నాకు రెండే విద్యలు వచ్చు. ఒకటి బీడీలు చుట్టడం, రెండోది ఇనుములో తిన్నగా బెజ్జం వేయడం. మొదటిది సిరిసిల్లలో మా అవ్వ చాట ముందు కూర్చోబెట్టి నేర్పింది. రెండోది ఐటీఐలో కొంత, ఆ తర్వాత జమ్మికుంటలో ఒక లేతు షాపులో ఉస్తాద్ దగ్గర కొంత. మొదటి విద్య నుంచి తప్పించుకోవడానికే రెండోది పట్టుకున్నాను. ఆడపిల్ల లేతు మిషను ముందు నిలబడితే పత్తి మార్కెట్టుకు వచ్చిన రైతులు కూడా ఆగి చూసేవాళ్లు (కొందరు చాయ తెప్పించుకుని మరీ చూసేవాళ్లు). అట్లాంటి కాలంలో మా సేటు కొత్తగా పెద్ద మిషను కొని, "గీ మిషిని నీదే బిడ్డా, నువ్వే నడుపాలె" అన్నాడు. నేను వెంటనే అవ్వకు ఫోను చేసి, నా చాట ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాను.

బోణీ పని కూడా గొప్పదే దొరికింది. పత్తి జిన్నింగు మిల్లులో తిరిగే ఇనుప షాఫ్టు ఒకటి, నా చేయంత పొడవు. దాని నడిమధ్యన ఈ చివర నుంచి ఆ చివర దాకా నూనె పోయేందుకు సన్నటి బెజ్జం వేయాలి. ఇంత లోతు బెజ్జానికి కిటుకు ఒక్కటే. బెజ్జం వేసే బిట్టు కొంచెం లోపలికి పోగానే వెనక్కి తీసి, ఇనుప పొట్టు దులిపి, నూనె పోసి మళ్లీ పంపాలి. లేకపోతే పొట్టు ఇరుక్కుని బిట్టు విరుగుతుంది. "ముంగటికి పోవుడు ఎవలకన్న వస్తది బేటీ, ఎనుకకు వచ్చుడే పనితనం" అనేవాడు ఉస్తాద్.

ముహూర్తం రోజు మిషనుకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, సేటు కొబ్బరికాయ కొట్టాడు. సేటు అల్లుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. నేను వీడియో కోసం నవ్వుతూనే మిషను ఆన్ చేయబోతుంటే సేటు తల్లి చెయ్యెత్తింది. మేమంతా ఆమెను పెద్దవ్వ అనేవాళ్లం. "బోణి పని బిడ్డా. ఒక్కపారి లోపటికి పోయినంక అవతలికి ఎల్లెదాక ఎనుకకు గుంజద్దు. అరిష్టం."

ఉస్తాద్ ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, గిది గట్ల అయ్యే పని కాదు, జర నా మాట ఇనుండ్రి..."

"ఒక్క పనికి ఏమైతది ఉస్తాద్? అవ్వ మాట కాదనకు" అన్నాడు సేటు. అన్నం పెట్టే మనిషి కదా, ఉస్తాద్ పక్కకు జరిగాడు. అందరూ నా వైపు చూశారు. "అట్లనే పెద్దవ్వా" అన్నాను.

సగం దాకా బాగానే పోయింది. తర్వాత మిషను మూలిగింది. పొగ లేచింది (పెద్దవ్వ సాంబ్రాణి అనుకుందో ఏమో, దండం పెట్టింది). ఆపై టప్పుమంది. సగం బిట్టు నా వైపు, సగం షాఫ్టు కడుపులో.

"నేను అప్పుడే అన్న, బోణికి ఆడివిల్ల చెయ్యి ఎందుకని" అంది పెద్దవ్వ. (అప్పుడేమీ అనలేదు. నేను పక్కనే ఉన్నాను.) సేటు మాత్రం చాలా మర్యాదగా, "నీ తప్పేం లేదు బిడ్డా, గని కొన్ని దినాలు ఇంటికాడ ఉండు" అన్నాడు. మిషను అల్లుడికి ఇచ్చారు. అతను వీడియోలు బాగా తీస్తాడు.

ఇంటికి వెళ్లాను. అవ్వ నా చాట ఎవరికీ ఇవ్వలేదు. బీడీలకు తునికాకు తడిపి నా ముందు పెట్టింది. నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

కొన్నాళ్లకు ఉస్తాద్ సంచీతో మా ఇంటికి వచ్చాడు. బిట్టు విరిగిన చోట షాఫ్టును అడ్డంగా కోసి ఆ ముక్క తెచ్చాడు. "చూడు బేటీ, నీ బెజ్జం సక్కగ నడిమిట్లనే ఉన్నది. ఎంట్రుక మందం గుడ పక్కకు పోలే."

"సేటుకు చూపెట్టినవా?"

"చూపెట్టిన. 'ఇంక ఇప్పుడెందుకు తియ్ ఉస్తాద్' అన్నడు." అవ్వ పెట్టిన చాయ తాగి వెళ్లిపోయాడు. ఆ ముక్కను అవ్వ తునికాకు ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంది. అంత తిన్నని బెజ్జానికి దొరికిన ఉద్యోగం అది.

ఇప్పుడు కరీంనగర్‌లో ఇంకొకరి షాపులో మిషను మీదే ఉన్నాను. బోణీ పనులకు నన్ను పిలవరు, పిలిచినా పోను. ఒక్కోసారి బిట్టు వెనక్కి తీసి పొట్టు దులుపుతుంటే ఆనాటి పిల్ల గుర్తొస్తుంది. దాని పక్కకు చేరి, "తియ్యవే పిచ్చిదానా, ఎనుకకు తియ్యి, కొబ్బరికాయ వాళ్లది, చెయ్యి నీది" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఫోను వైపు నవ్వుతూ "అట్లనే పెద్దవ్వా" అంటుంది. ఎంత బుద్ధిమంతురాలో!