గుడివాడకి ఇవతలే తిరిగాం

ఆ పొద్దున హైదరాబాద్ నుంచి గన్నవరానికి విమానం నడుపుతున్నది నేనే. కో-పైలట్‌ని. పక్క సీట్లో కెప్టెన్, అరవైకి దగ్గరపడిన విశాఖపట్నం మనిషి. బయల్దేరే ముందు టీ తాగుతూ మీదే ఊరని అడిగారు. గుడివాడ అన్నాను. ఇంట్లో ఎవరుంటారంటే, అమ్మ ఒక్కతే ఉండేదనీ, పోయినేడు పోయిందనీ, చర్చి వెనక సమాధుల తోటలో పెట్టామనీ చెప్పాను.

ఆకాశం తేటగా ఉంది. రన్‌వే కనిపిస్తోందని చెప్పగానే కంట్రోల్ టవర్ విజువల్ అప్రోచ్‌కి అనుమతిచ్చింది. అంటే పరికరాలు చూపించే దారినే పట్టుకోకుండా, కళ్లతో చూసుకుంటూ మనమే తిప్పుకుని దిగొచ్చు. రన్‌వేకి దక్షిణంగా తూర్పుకి వెళ్తున్నాం. కింద వరిచేలు, కాలవలు. ముందు పెదపారుపూడి, దాని వెనక మసగ్గా గుడివాడ. ఎడమకి తిరగాల్సిన చోటు దగ్గరపడింది.

"కాస్త ఆగి తిప్పమ్మా," అన్నారు కెప్టెన్. "ఇంకొంచెం ముందుకెళ్తే మీ ఊరి మీదుగా తిరగొచ్చు. అమ్మని ఒకసారి చూసుకున్నట్టుంటుంది."

అమ్మ పోయాక నాతో పనిచేసేవాళ్లెవరూ ఆమె మాటెత్తలేదు.

కానీ విజువల్ అన్నంత మాత్రాన ఆకాశమంతా మనది కాదు. కంట్రోలర్లు చూసుకునే ఆకాశానికి, అంటే జోన్‌కి, హద్దులుంటాయి. ఎయిర్‌పోర్టుకి దూరమయ్యేకొద్దీ కింది హద్దు పైకి లేస్తుంది. మేమేమో దిగుతున్నాం. అటు వెళ్తే ఆ హద్దుకి కిందుగా బయటపడతాం. అక్కడ ఏ హెలికాప్టరో ఎదురొస్తోందని ముందుగా చెప్పేవాళ్లుండరు. వెనక సీట్ల నిండా జనం.

"వద్దు సార్. ఈ ఎత్తులో అటెళ్తే జోన్ దాటిపోతాం. ఇక్కడే తిప్పుతున్నాను."

ఆయన ఎదురుగా ఉన్న మ్యాప్ చూశారు. "కరెక్టే. తిప్పు."

గుడివాడ నా కుడి కిటికీలోంచి వెనక్కి జారిపోయింది. నేను చూడలేదు. వేగం, ఎత్తు చూసుకుంటున్నాను.

దిగాక చెక్‌లిస్టు మాటలు తప్ప మా మధ్య ఇంకో మాట లేదు. హోటల్‌కి వెళ్లే కార్లో నేనే అడిగాను.

"ఏమీ అనుకోలేదు కదా సార్?"

"లేదమ్మా. నేనే అలా అనకుండా ఉండాల్సింది," అని కిటికీ వైపు తిరిగిపోయారు. అమ్మ గురించి అడిగిన ఒక్క మనిషినీ దూరం చేసుకున్నానేమో అనిపించింది.

మధ్యాహ్నం బస్సెక్కి గుడివాడ వెళ్లాను. చర్చి గేటు దగ్గర పాస్టరమ్మగారు గుర్తుపట్టారు.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"పొద్దున వచ్చానండీ, విమానంలో."

"మా మీదుగానే వచ్చావా?"

"లేదండీ. అంత కిందగా ఇటు రాకూడదు."

"అలాగా. నాకు ప్రార్థనకి టైమైంది, వెళ్లేటప్పుడు గేటు వేసెయ్యమ్మా," అని ఆవిడ వెళ్లిపోయారు.

సమాధి చుట్టూ గడ్డి పెరిగిపోయింది. చేతికందినంతా పీకాను. గేటు వేసి బస్టాండుకి నడిచాను.

సాయంత్రం హోటల్లో కింద కెప్టెన్ ఒక్కరే కూర్చుని తింటున్నారు. కూర్చోవచ్చా అని అడిగితే కుర్చీ జరిపారు.

"వెళ్లొచ్చావా?"

"వెళ్లాను సార్."

"మంచి పని చేశావు." పప్పు గిన్నె నా వైపు తోశారు. కాసేపటికి, "మా ఆవిడకి సమాధి కూడా లేదమ్మా. అస్థికలు భీమిలి దగ్గర సముద్రంలో కలిపాం. వైజాగ్‌లో దిగేటప్పుడల్లా కిందికి చూస్తాను," అన్నారు.

నేను అన్నంలో పప్పు కలుపుకున్నాను. తినడం అయ్యాక, మర్నాడు పొద్దున కారు ఎన్నింటికో ఒకసారి మాట్లాడుకుని, ఎవరి గదికి వాళ్లం వెళ్లిపోయాం.