ఐస్ పెట్టెలో రికార్డు క్వార్టర్

దుబాయ్‌లో తెలుగువాడు పరువు పోగొట్టుకోవడానికి చాలా దార్లున్నాయి. నేను క్వార్టర్ దారిన వెళ్లాను. కంగారుపడకండి, చుక్క ముట్టలేదు. ముట్టుంటే కనీసం ఒక కారణమైనా ఉండేది. ఒక ఫుట్‌బాల్ జట్టునీ, దాని కెప్టెన్‌నీ, ఓ మైదానం చరిత్రనీ పూర్తి స్పృహలో, మంచి ఉద్దేశంతో, ఐస్ వేసి మరీ ముంచిన ఘనత నాది.

అది 2022. దుబాయ్‌లో ఒక ఆఫీసు అకౌంట్స్‌లో కొత్తగా చేరాను. ఉండేది షార్జా అల్ నహ్దాలో, సత్తిబాబుగారితో కలిసి ఒకే గదిలో. ఆయనది అమలాపురం అవతల పల్లె, చేసేది వ్యాన్ డ్రైవరు పని. నాకంటే పదిహేనేళ్లు పెద్దయినా నన్ను "శీనుగారూ" అనేవారు. గోదావరి మర్యాద అలాంటిది, తిట్టులో కూడా "అండి" ఉంటుంది.

నా ప్రొబేషన్ నేను చెప్పబోయే శనివారం తర్వాతి సోమవారంతో ఆఖరు. మా మేనేజర్ క్రెయిగ్ సంతకం పెడితే ఉద్యోగం, పెట్టకపోతే విమానం. కరోనా రోజుల్లో ఒకసారి ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుని, అమ్మ చేత "పోన్లే నాన్నా" అనిపించుకున్నవాణ్ణి. ఆ మాట రెండోసారి వినే ధైర్యం నాకు లేదు.

క్రెయిగ్ ఆస్ట్రేలియా మనిషి. శనివారాలు వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడేవాడు. కోడిగుడ్డు ఆకారంలో బంతి, చేతుల్లేని బనియన్లు, రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్యనుంచి తంతే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒక్క పాయింటు, ఓదార్పు బహుమతిలాగ. ఆటని నాలుగు భాగాలుగా ఆడతారు. ఒక్కో భాగాన్ని క్వార్టర్ అంటారు. చూశారా, మీకు ఎంత తేలిగ్గా చెప్పేశానో! నాకా ముక్క చెప్పిన నాథుడు లేడు.

చేరిన కొత్తల్లోనే క్రెయిగ్ గుండె మీద చెయ్యేసుకుని అన్నాడు. "శ్రీ, మా గ్రౌండ్ రికార్డు మాదే. ఒక్క క్వార్టర్‌లో పదకొండు. అందులో ఐదు నావి!"

ఆ సాయంత్రం ఈ సంగతి సత్తిబాబుగారికి చెప్పాను.

"ఒక్క క్వార్టర్ పదకొండుమందా అండి?" ఆయన ఉల్లిపాయ తరగడం ఆపేశారు. "ఎంత పొదుపండి బాబూ! మా బావమరిదికి మూత తడవడానికి కూడా చాలదండి."

"అందులో ఐదు నావి అంటున్నాడు."

"గుక్కలన్నమాటండి. మరి అందుకే మేనేజరయ్యాడు. ఆయ్!"

అకౌంట్స్‌లో పనిచేసేవాడివి, క్వార్టర్ అంటే మూడు నెలలని తెలీదా అని మీరడగొచ్చు. తెలుసు. కానీ గురువారం క్రెయిగ్ చెప్పింది వినండి.

"శ్రీ, శనివారం ఆటకి రా. క్వార్టర్స్ బాధ్యత నీది. చల్లగా ఉండాలి, ఐస్ పెట్టెలో పెట్టి తీసుకురా."

మూడు నెలల్ని ఐస్‌లో పెట్టి తెమ్మని ఎవరంటారు చెప్పండి?

"ఎన్ని తేవాలి సార్?"

"ఇరవైమంది కుర్రాళ్లం. ఒక్కొక్కడు రెండు మూడు లాగించేస్తాడు."

"ఆట అయ్యాకనే కదా సార్?"

"కాదు, ఆఖరి క్వార్టర్‌కి ముందు! అవి పడకపోతే మా కాళ్లు లేవవు."

మా వైపు అవి పడ్డాకే కాళ్లు లేవవు సార్, అని నోటి చివరిదాకా వచ్చింది. ప్రొబేషన్ గుర్తొచ్చి మింగేశాను.

వెళ్లబోతూ క్రెయిగ్ వెనక్కి తిరిగాడు. "మా లూసీకి కూడా రెండు ఉంచు. ఆరేళ్లది, అవంటే ప్రాణం. మా ఆవిడే అలవాటు చేసింది."

ఆ రోజంతా ఆ పసిబిడ్డ భవిష్యత్తు తల్చుకుని అన్నం సహించలేదు.

"దొరల ఇళ్లంతేనండి, మనకెందుకు," అన్నారు సత్తిబాబుగారు. "నా దగ్గర మందు కొనే కార్డుంది. శనివారం పొద్దున్నే దుబాయ్ వైపు దుకాణంలో తీసుకుని అట్నుంచటే గ్రౌండ్‌కి పోదాం. షార్జాలోకి మాత్రం తేవద్దు. ఇక్కడ మూత వాసనొచ్చినా ఖలాసండి."

"మైదానంలో ఎవరైనా పెట్టె తెరిస్తే?"

ఆయన ఆలోచించారు. ఆ రోజు ఆయన ఆలోచించకుండా ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. "పైన నాలుగు కమలాపళ్లు పెడదామండి. అడిగితే పళ్లంటాం!"

సరే, చిన్న సీసాలు ఒక్కొక్కదాన్నీ పేపర్లో చుట్టి, ఐస్ మధ్య పసిపిల్లల్లా పడుకోబెట్టి, పైన నాలుగు కమలాపళ్లు అమర్చాం. పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లారంటారే, నేను ఆటకెళ్తూ అబ్కారీని చంకన పెట్టుకెళ్లాను.

మైదానం పచ్చగా, తడిగా మెరుస్తోంది. ఎడారిలో అంత గడ్డి చూడగానే నాకు సగం భయం పోయింది. ఆట మొదలయ్యాక మిగతా సగమూ పోయింది. క్రెయిగ్ ఆఫీసులో కుర్చీలోంచి లేవడానికే మూలిగే మనిషి, ఇక్కడ ఇంకొకడి వీపు మీదికి మోకాలితో ఎక్కి గాల్లో బంతి పట్టాడు. మూడు భాగాలయ్యేసరికి మావాళ్లు బాగా ముందున్నారు. సైరన్ మోగింది.

"కుర్రాళ్లూ, ఇదే మన క్వార్టర్! రికార్డు బద్దలు కొడదాం!" అని అరుస్తూ క్రెయిగ్ నా వైపు వచ్చాడు.

అతనికంటే ముందు లూసీ వచ్చి చెయ్యి చాపింది. "క్వార్టర్స్!"

"నీకింకా వయసు రాలేదు తల్లీ," అన్నాను తెలుగులో.

క్రెయిగ్ మూత ఎత్తాడు. "ఆహా! అరె, ఇవి కొయ్యలేదేం?"

"అవి పైకి మాత్రమే సార్," గర్వంగా గొంతు తగ్గించాను. "క్వార్టర్లు అడుగున ఉన్నాయి."

అతను చెయ్యి లోపలికి పెట్టాడు. పేపరు చుట్టలోంచి బంగారు రంగు మూత ఒకటి ఎండలో తళుక్కుమంది. ఎర్రగా ఉన్న క్రెయిగ్ తెల్లగా అయ్యాడు.

"ఏంటిది?"

"క్వార్టర్ సార్. తలా రెండు వస్తాయి. పాపకి మాత్రం నేను తేలేకపోయాను, క్షమించాలి."

అతను సీసా లోపల పడేసి, ఒక కమలాపండు తీసి నా కళ్లముందు పెట్టాడు. అంగన్‌వాడీ టీచరులా, చాలా నెమ్మదిగా అన్నాడు. "ఇది ఆరెంజ్. దీన్ని నాలుగు ముక్కలు కోస్తారు. ఆటలో అలిసినవాళ్లు తింటారు. ఒక్కో ముక్క, క్వార్టర్."

నేలమీద అంత గడ్డి ఉంది గానీ, నేను దూరేంత గొయ్యి ఒక్కటీ లేదు.

సరిగ్గా అప్పుడే గ్రౌండ్ ముదీర్, అంటే ఆ మైదానం పెద్ద, తెల్లటి పొడుగు అరబ్బు చొక్కా, కందూరాలో మా వైపు నడుచుకుంటూ వస్తున్నాడు. ఎంతో మంచివాడు. మంచివాడైతే మాత్రం, మైదానంలో పెట్టెడు సీసాలు చూశాక మంచివాడిగా ఉండాలని రూలేముంది? క్రెయిగ్ పండు లోపలికి విసిరి, మూత వేసి, పెట్టె మీద కూర్చున్నాడు.

"నేను కూర్చుంటాను సార్, మీరు ఆడండి."

"నువ్వా? ఎవరైనా అడిగితే నిజం చెప్పేస్తావు!"

సైరన్ మోగింది. ఆఖరి క్వార్టర్ కెప్టెన్ లేకుండా మొదలైంది.

"ఏం కెప్టెన్, దెబ్బ తగిలిందా?" అన్నాడు ముదీర్.

"కండరం పట్టింది."

"అయ్యో, ఐస్ పెట్టు! పెట్టెలో ఉందిగా!"

"ఐస్ మీదే కూర్చున్నాను," అన్నాడు క్రెయిగ్, మొహం ఏ మాత్రం కదలకుండా.

"పండ్లేమైనా ఉన్నాయా?"

క్రెయిగ్ ఓ పక్కకి ఒరిగి, మూత వేలెడంత ఎత్తి, తేలు కన్నంలో చెయ్యిపెట్టినవాడిలా పెట్టి ఒక పండు తీసిచ్చాడు. ముదీర్ మా పక్కనే నిలబడి ఒలుచుకున్నాడు. అవతలివాళ్లు గోల్ కొట్టారు. "తియ్యగా ఉంది," అన్నాడు. ఇంకో గోల్. రెండో పండు అడిగాడు. గోల్ మీద గోల్. మావాళ్లకి కెప్టెనూ లేడు, ముక్కలూ లేవు. క్రెయిగ్ చెప్పినట్టే కాళ్లు లేవలేదు. నాలుగో పండు తీసిచ్చినప్పుడు క్రెయిగ్ నా వైపు చూశాడు. ఐదోది అడిగితే మనిద్దరం ఒకే విమానంలో, అని ఆ చూపుకి అర్థం.

అడగలేదు. ఆఖరి సైరన్ మోగింది. ముదీర్ చేతులు తుడుచుకుంటూ సంబరంగా అభినందించాడు. "మబ్రూక్! గ్రౌండ్ రికార్డు బద్దలైంది. ఒక్క క్వార్టర్‌లో పన్నెండు గోల్స్!"

పన్నెండూ అవతలివాళ్లవే.

సీసా కొననేల, పెట్టెపై కూర్చోనేల? సత్తిబాబుగారు "యల్లా, యల్లా" అంటూ పెట్టె వ్యాన్‌లోకి ఎక్కించుకుపోయారు. ఆ సీసాలకి ఏ గతి పట్టించారో నేనడగలేదు. ఆయన మాత్రం కొన్ని వారాలు చాలా సౌమ్యంగా ఉన్నారు.

సోమవారం క్రెయిగ్ పిలిచాడు. టేబుల్ మీద నా కాగితం, దాని పక్కన ఒక కమలాపండు, ఒక చాకు.

"కొయ్యి."

నాలుగు ముక్కలు కోశాను. అతను ఒక ముక్క తీసుకుని, తొక్క పళ్లకి తొడుక్కుని నన్ను చూసి ఇకిలించాడు. తర్వాత తింటూనే సంతకం పెట్టాడు. "ప్రొబేషన్ పూర్తి. ఈ పనిలో మాత్రం నీకు రిటైర్మెంటు లేదు."

లేదు కూడా. అతను తన దేశం వెళ్లిపోయేదాకా ప్రతి ఆటకీ ముక్కలు కోసింది నేనే. లూసీ వాటా విడిగా ఉంచేవాణ్ణి. సత్తిబాబుగారు ఇప్పుడు అల్ ఐన్‌లో ఖర్జూరం తోటల సరుకు తోలుతున్నారు. ఫోన్ చేస్తే ఇప్పటికీ "ఏవండీ శీనుగారూ, రికార్డేమైనా పెట్టారా?" అంటారు. ఆ పన్నెండుని ఇంతవరకూ ఎవరూ దాటలేదట. అల్ నహ్దాలో పళ్ల కొట్టు ముందు కమలాపళ్ల వాసన తగిలితే, తడి గడ్డీ, పెట్టె మీద బుద్ధుడిలా కూర్చున్న క్రెయిగూ కళ్లముందుకొస్తారు. ఊరికే నవ్వుతాను. కొట్టువాడు ఇప్పటికి అలవాటు పడ్డాడు.

కనుక సకల సామెతల సాక్షిగా, కమలాపండు మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక నన్నెవరు క్వార్టర్ తెమ్మన్నా, గుమ్మం దాటకముందే అడిగి తెలుసుకుంటాను: కోసిందా, పోసిందా?