గింతీలో మిగిలిన పేరు

మా దుకాణంలో అమ్మేది గౌరవం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో శాలువాలు, షీల్డులు, గంధపు దండలు అమ్మేవాళ్లం. రిటైరయ్యే టీచరుకు ఒక రకం, గెలిచిన కార్పొరేటరుకు ఒక రకం, ఓడిపోయినా పిలవక తప్పని పెద్దమనిషికి మరో రకం. భుజాలు చూసి ఏ శాలువా సరిపోతుందో చెప్పడం బాపు, అంటే మా నాన్న, నేర్పిన విద్య. బేరం మాత్రం ఎవరూ నేర్పలేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తెచ్చిన ఆపిల్ పళ్లు ఎక్కడ కొన్నారో అడిగి, మోసపోయారని చెప్పి, సంబంధం పోగొట్టుకున్న దాన్ని నేను.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. బంద్ పిలుపు వస్తే సందులో షట్టర్లన్నీ దిగేవి, అయితే పూర్తిగా కాదు. మోకాలెత్తున ఆపి, లైటు ఆర్పి, లోపల కూర్చునేవాళ్లం. ర్యాలీ చప్పుడు వినిపిస్తే ఒక్క లాగుడుతో మూసెయ్యొచ్చు. కొనేవాళ్లు వంగి దూరి వచ్చేవారు. లోపలున్న మాకు ముందు కాళ్లే కనిపించేవి. చెప్పులను బట్టి ధర ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకునేదాన్ని.

అలాంటి ఒక బంద్ మధ్యాహ్నం షట్టర్ ముందు రెండు జతల బూట్లు ఆగాయి. రెండూ నల్లవే, ఒకే తీరువి. ఒక జతకు పాలిష్ మెరుస్తోంది. రెండో జత నిండా పసుపుపచ్చటి ఇసుక. మా దగ్గర అట్లాంటి ఇసుక ఎక్కడుందా అనుకున్నాను. మెరిసే బూట్ల మనిషి వంగి లోపలికి వచ్చాడు. ఇసుక బూట్లు అక్కడే ఉండిపోయాయి.

వచ్చినాయన మాకు తెలిసిన మనిషే. ఎల్బీనగర్‌లో ఉండే ఫౌజీ తాత. నల్గొండ దిక్కు పల్లె నుంచి మిలిటరీలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధం నాడు రాజస్థాన్ సరిహద్దులో కొట్లాడి, ఆ తర్వాత ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడి ముసలివాడయ్యాడు. బాపుకు ఊరి వరసన చిన్నాయన.

"తాతా, నీ ఎంబడి ఒచ్చినాయనను గూడ లోపలికి రమ్మను. బయట పోలీసులు తిరుగుతున్నరు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"నీకు కనవడ్డడా?"

షట్టర్ కింద ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు.

"కాళ్లు కనవడ్డయి" అన్నాను.

"అయితే నువ్వే చెయ్యాలె బిడ్డా నా పని" అంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వాళ్లు మాజీ సైనికులకు సన్మానం పెట్టుకున్నారు. శాలువాల ఆర్డరు మాకే వచ్చింది. ఫౌజీ తాత పేరు కూడా అందులో ఉంది. తన శాలువా మంచిది తియ్యమని అడగడానికి వచ్చాడేమోనని నేను ఖరీదైన కట్ట విప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు చెప్పాడు.

సరిహద్దులో ఆయనకో దోస్తు ఉండేవాడు. వీళ్ల తాలూకా వాడే. అమ్మానాయినలు లేరు, పెంచిన మేనత్త కూడా పోయింది. ఒక రాత్రి ఫౌజీ తాతకు ఒళ్లు కాలే జ్వరం. కాపలా ఆయనదే. దోస్తు ఆయన మీద కంబలి కప్పి, "పండుకో, నీ డ్యూటీ నేను చేస్త" అని పోయాడు. ఫిరంగి గుండు సరిగ్గా అక్కడే పడింది. ఇసుకలో వాళ్లకేమీ దొరకలేదు.

"మాపటికి గింతీ అయింది. అందరిని లైన్ల నిలవెట్టి పేర్లు పిలిచి లెక్క చూసుకుంటరు, గదే గింతీ. హవల్దార్ అలవాటుల ఆని పేరు గూడ పిలిచిండు. పిలిచినంక ఆయనకే యాదికొచ్చి నోరు మూసుకున్నడు. లైన్ల ఎవ్వలు మెదలలే." తాత స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. "నేను అన్న. హాజిర్ అన్న. ఎందుకన్ననో తెల్వది. జ్వరం ఇంక తగ్గలే నాకు."

బాపు అప్పటిదాకా శాలువాలు మడత పెడుతున్నాడు. ఆ మాటకు చెయ్యి ఆగింది.

"గా దినం సంది ఎంబడే ఉన్నడు. బస్సెక్కితే కండక్టర్ ఇద్దరికి టికెట్ కొడ్తడు. హోటల్ల కూసుంటే రెండు గ్లాసుల నీళ్లు పెడ్తరు. నాకు భయం లేదు, దోస్తే గద. కని ఆని బాధ చూడనీకి అయితలేదు. కూసోడు, నిలవడే ఉంటడు. గింతీల హాజిర్ అన్నంక ఇంక డ్యూటీల ఉన్నట్టే. దిగుమనేటోడు లేడు."

"మరిప్పుడేం చెయ్యాలె చిన్నాయనా?" అన్నాడు బాపు మెల్లగా.

"నలుగురి ముందట మల్ల ఆని పేరు పిలువాలె. సచ్చిపోయిండని చెప్పి కాదు, ఉన్నోన్ని పిలిచినట్టే పిలువాలె. ఎవ్వలు పలుకొద్దు. అప్పుడు లెక్కల నుంచి తీసేసినట్టు." మళ్లీ తనే అన్నాడు, "నేను గూడ పలుకొద్దు. గదే కష్టం. నాకు దమ్ము ఆడుతలేదు ఈ నడుమ. నేను పోతే ఆన్ని ఎవలు దింపుతరు?"

ఆయన వెళ్లాక ఎదురు దుకాణంలో ఫోటో ఫ్రేములు కట్టే గుంటూరు అంకుల్ తన షట్టర్ కింద నుంచి తల బయటికి పెట్టాడు. బంద్ రోజుల్లో ఆయన బాపును "మీ రాష్ట్రం వచ్చాక నన్ను వీసా అడుగుతారా" అని ఏడిపించేవాడు. బాపు "నీకు ఫ్రీగ ఇస్త తియ్" అనేవాడు. ఆ రోజు ఆ వేళాకోళం లేదు.

"ఏమ్మా, మీ ఫౌజీ గారితో పాటు నిలబడ్డాయన ఎవరు? మంచినీళ్లు కావాలా అని అడిగితే మాట్లాడలేదు. ఎండలో అలా అటెన్షన్‌లో నిలబడిపోయాడేంటి?"

నేను షట్టర్ మూసేశాను.

శిబిరం నడిపే కుర్రాడు, అందరం తమ్ముడనే పిలిచేవాళ్లం, మర్నాడు సరుకు తీసుకుపోవడానికి వచ్చాడు. వరసగా దీక్షలో కూర్చుని గొంతు పోయిన పిల్లాడు. అతనితో ఇంకో పేరు కలపమన్నాను.

"బతికున్నోళ్లకే సన్మానం అక్కా. అమరుల లిస్టు వేరే ఉంది, గది ఉద్యమానిది."

"బతికున్నోళ్ల లిస్టులనే పెట్టు. శాలువా కొసరు."

అతను నన్ను అనుమానంగా చూశాడు. నా చేతుల నుంచి కొసరు రాలిన దాఖలా ఆ సందు చరిత్రలో లేదు.

"నువ్వు కొసరు ఇస్తున్నవా? సరుకుల ఏమన్న లొసుగున్నదా అక్కా?"

"లొసుగేం లేదు. పిలువు. రాకపోతే నీకేం పోయింది, శాలువా మిగుల్తది. కని మూడుసార్లు పిలువాలె."

"వస్తడా అసలు?"

"రావొద్దనే పిలుస్తున్నం" అన్నాను. అతను నవ్వాడు, నేను పరాచికమాడుతున్నాననుకుని. బేరం కుదిరింది.

ఆదివారం పొద్దున చౌరస్తాలో టెంటు నిండిపోయింది. సెవెన్ సీటర్ ఆటోలు, లారీలు టెంటును ఒరుసుకుంటూ పోతున్నాయి. వేదిక పక్క శాలువాలు అందించే పని నాది. ఫౌజీ తాత ముందు వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీ. జనం నిలబడే ఉన్నారు గాని ఎవరూ అందులో కూర్చోలేదు. ఒకావిడ కూర్చోబోయి, "అయ్యో, మీరున్నరా" అని పక్కకు జరిగింది. ఎవరితో అన్నదో ఆమె మళ్లీ చూసుకోలేదు.

ముసలి సిపాయిలు ఒక్కొక్కరే వచ్చి కప్పించుకుని వెళ్లారు. ఒకాయన సెల్యూట్ కొడితే జనం చప్పట్లు ఆపలేదు. ఆ తర్వాత తమ్ముడు కాగితం చూసి ఆ పేరు చదివాడు. దాన్ని నేనిక్కడ రాయను. రాయడం కూడా పిలవడమేనని నా భయం.

"వేదిక మీదికి రావాల్సిందిగా కోరుతున్నం."

ఎవరూ రాలేదు. తాత రెండు చేతులతో మోకాళ్లు పట్టుకున్నాడు.

తమ్ముడు రెండోసారి పిలిచాడు. జనం వెనక్కి తిరిగి చూశారు. నా చేతుల్లోని శాలువా బరువెక్కింది. ఎవరో రెండో అంచు పట్టుకున్నట్టు అది నెమ్మదిగా ఖాళీ కుర్చీ వైపు లాగుతోంది. గాలి అనుకుందామంటే టెంటు గుడ్డ కదలడం లేదు. తాత దవడలు బిగుసుకున్నాయి, మెడ నరాలు లేచాయి. ఆ నోట్లో ఏ మాట తిరుగుతోందో ఆ టెంటులో నాకూ బాపుకూ మాత్రమే తెలుసు. పలకకు తాతా, పలకకు అని నాలో నేను అంటున్నాను.

మూడోసారి పిలిచాడు. లారీల హారన్లు కూడా ఎందుకో ఆగాయి. అంత పెద్ద చౌరస్తాలో అంత నిశ్శబ్దం మళ్లీ నేను వినలేదు.

తాత లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. అయిపోయింది అనుకున్నాను.

"జోహార్" అన్నాడు.

ఉద్యమంలో ఆ మాట పోయినవాళ్లకే చెప్తారు. శిబిరంలో రోజూ చెప్పీ చెప్పీ జనం నోళ్లకు అది ఊపిరిలా అలవాటు. ఎవరికో, ఎందుకో అడగకుండానే టెంటంతా పిడికిళ్లు లేచాయి. జోహార్, జోహార్. తమ్ముడు మైకు దించి నా వైపు చూశాడు, అప్పుడు అర్థమైన మొహంతో. నా చేతుల్లో శాలువా తేలికైపోయింది. అందాకా ఎవరూ కూర్చోని ఆ కుర్చీని ఒక పిల్ల లాక్కుని, పైకెక్కి నిలబడింది.

సభ అయ్యాక తాత రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలో నేను వెతికిన నెమ్మది లేదు. ఎడమ పక్కకు చూశాడు, ఎవరి కోసమో ఒక అడుగు ఆగాడు, మళ్లీ ముందుకు చూశాడు.

"పోయిండా తాతా?"

"దిగిండు" అన్నాడు. "పోయేటప్పుడు ఎనుకకు చూడలే. గట్లనే పోవాలె."

ఎదురుగా లారీలు ఆగకుండా వస్తున్నాయి. ఆయన చెయ్యి గాలిలో తడుముకుని నా మోచేతిని దొరకబుచ్చుకుంది.

"జర రోడ్డు దాటియ్యి బిడ్డా. ఒక్కన్నే నడుసుడు నాకు రాదు."