గుడ్డ వెనక వైపు

వాటర్లూలో మేముండే వీధి చివర చర్చి బేస్‌మెంట్‌లో ఏటా నవంబరులో చేతిపనుల సంత పెడతారు. మొన్న శనివారం బూట్లకంటిన మంచు దులుపుకుని లోపలికి అడుగు పెట్టగానే కొవ్వొత్తీ, గుగ్గిలమూ కలిసి కాగుతున్న వాసన వచ్చింది. ఒక మూల ఒక యువతి చిన్న ఎలక్ట్రిక్ పెనం మీద మైనం కరిగించి, చూడవచ్చిన పిల్లల చేత గుడ్డ మీద చుక్కలు పెట్టిస్తోంది. ఆ వాసన నాకు ఇష్టమైనదే. అయినా అక్కడ నిలబడలేకపోయాను. కొనాలనుకున్న ఉన్ని టోపీ కొనకుండానే బయటికి వచ్చి, బస్ స్టాప్‌లో చలిలో నిలుచున్నాను. ఆ వాసన వస్తే నాకు మాణిక్యం గారు గుర్తుకొస్తారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆవిడ గురించి మంచి రాయాలంటే చాలా ఉంది. మంచి ఒక్కటే రాయడం కుదరదు కనుక ఇంతకాలం రాయలేదు.

విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో పన్నెండేళ్ళు పనిచేసి కెనడా వచ్చినదాన్ని నేను. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మొదట మమ్మల్ని టొరాంటో పక్కనున్న ఎటోబికోకి చేర్చింది. తెలుగులో వార్తలు దిద్దడం తప్ప మరో పని రానివాళ్ళు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదని తెలియడానికి ఏడాది పట్టలేదు. తెలిసినవాళ్ళెవరో చెబితే మాణిక్యం గారి షాపుకి వెళ్ళాను. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్ల వరసలో ఉండేది. తల మీదుగా విమానం వెళ్ళినప్పుడల్లా అరల్లోని గాజు గిన్నెలు సన్నగా మోగేవి. థాయ్‌లాండ్ బుట్టలు, వియత్నాం లక్క పళ్ళేలు, బాలి చెక్క బొమ్మలు ఉన్నా, ఆవిడ ప్రాణమంతా జావా నుంచి తెచ్చే బాతిక్ గుడ్డల మీద ఉండేది. కరిగిన మైనంతో గుడ్డ మీద బొమ్మ గీసి, రంగులో ముంచి, తర్వాత వేడినీళ్ళలో మైనం కరిగించేస్తే, మైనం ఉన్నంత మేరా రంగు పట్టకుండా బొమ్మ మిగులుతుంది. అదీ బాతిక్.

అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. పొట్టి మనిషి. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడదీసుకుని ఉన్నారు. నేను ఆంటీ అని పిలవగానే, షాపులో ఆంటీలెవరూ ఉండరు, కావాలంటే గారు తగిలించుకోమన్నారు. పేపర్లో ఏం చేసేదానివని అడిగారు. వేరేవాళ్ళు రాసింది కత్తిరించేదాన్నని చెప్పాను. "అయితే నాకు కావాల్సింది నువ్వే" అన్నారు.

ఆవిడకు కావాల్సింది కార్డులు. ప్రతి వస్తువుకూ ఒక చిన్న అట్ట కార్డు దారంతో కడతారు. దాని మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుండాలి. మొదటి రోజు బల్ల మీద పొడుగ్గా పరిచే ఒక టేబుల్ రన్నర్‌కి నేను రాసిన కార్డులో అద్భుతం, అపురూపం, తరతరాల వారసత్వం అన్నీ ఉన్నాయి. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి ఆ కార్డుని కూడబలుక్కుంటూ చదివి, పెన్ను తీసుకుని ఆ మాటలన్నీ వరసగా కొట్టేశారు.

"పొగడకు అమ్మాయ్. ఎవరు చేశారు, ఏ ఊరు, ఎన్ని రోజులు పట్టింది. అంతే రాయి. మిగతాది గుడ్డే చెప్పుకుంటుంది."

పన్నెండేళ్ళలో ఏ ఎడిటరూ నాకు ఇంత సూటిగా పాఠం చెప్పలేదు. ఇప్పటికీ నేనేది రాసినా ఆ పెన్ను నా వెనక నిలబడే ఉంటుంది.

ఆవిడది పెడన. తండ్రి కలంకారీ అద్దకం పనివాడు. టేకు అచ్చులు, కరక్కాయ నీళ్ళు, కాలవలో ఉతుకు, వీటి మధ్య పెరిగారు. ఊళ్ళోకి స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక తండ్రి వారం రోజులు అద్దిన డిజైన్‌ను పక్కవాళ్ళు ఒక పూటలో దించేసేవారట. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు ఆయన గుడ్డ వెనక్కి తిప్పి, రంగు లోపలిదాకా దిగిందో లేదో చూడండని చూపించేవాడట. స్క్రీన్ ప్రింట్ వెనక వైపు వెలవెలబోతుంది. చివరికి ఆ అచ్చులు నీళ్ళ పొయ్యి కిందకి పోయాయి. ఈ సంగతి ఆవిడ కంటతడి పెట్టుకుని చెప్పలేదు. హైవే మీద వ్యాన్ నడుపుతూ, ఎగ్జిట్ దాటిపోతామేమోనని బోర్డులు చూసుకుంటూ చెప్పారు.

నేను చేరిన రెండో ఏడు నన్ను కూడా జావాకి తీసుకెళ్ళారు. యోగ్యకర్త నగరంలోని బెరింగ్‌హార్జో మార్కెట్‌లో ఆవిడ వెంట నడవడం నాకు రెండో చదువు. అడుగడుగునా గుడ్డల కొట్లు. పైకప్పు దాకా బాతిక్. అందులో ముప్పాతిక ప్రింటే. టూరిస్టులు ముందు వైపు చూసి మురిసిపోయి సంచులు నింపుకుంటున్నారు. మాణిక్యం గారు ధర అడగరు. మడత విప్పరు. గుడ్డ అంచును బొటనవేలితో వెనక్కి తిప్పి, చూసి, వదిలేసి ముందుకి నడుస్తారు. ఒక కొట్టు కుర్రాడు చీర పొడవున్న ప్రింట్ గుడ్డ ఒకటి పరిచి, హండ్రెడ్ పర్సెంట్ హ్యాండ్ మేడ్ మేడమ్ అన్నాడు. ఆవిడ చిరునవ్వుతో అచ్చ తెలుగులో, "మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు నాయనా" అన్నారు. వాడికి ఏం అర్థమైందో గానీ సిగ్గుపడి నవ్వి, ఆ గుడ్డ తీసేసి, బల్ల కింద నుంచి కాగితంలో చుట్టిన మరొకటి బయటికి తీశాడు. అది చేత్తో గీసింది. వెనక వైపూ ముందు వైపూ పోల్చలేకుండా ఉంది. పావురాల్లాంటి చిన్న పక్షులు తీగల మధ్య కూర్చున్నాయి. ఎవరు గీశారని ఆవిడ అడిగారు. అక్కడి వ్యాపారులు ఆ ప్రశ్నకి జవాబు చెప్పరు. మూడు రోజులు వరసగా అదే కొట్టుకి వెళ్ళి, ఏదో ఒకటి కొంటూ కూర్చుంటే నాలుగో రోజు వాడే ఊరి పేరు చెప్పాడు.

అలా వార్తిని అనే ఆమె దొరికింది. నగరానికి దక్షిణంగా కొండ కింద ఊరు. వరండాలో చిన్న పొయ్యి, దాని మీద మైనం పెనం, పక్కన పీట మీద బక్కపలచటి ముసలామె. రాగి మొన ఉన్న పిడి పెన్నును మైనంలో ముంచి, మొన దగ్గర నోటితో ఊది, గుడ్డ మీద పెట్టేది. చేయి వణికేది కాదు. ఆమె కూతురు దేవి హోటల్‌లో పనిచేస్తుంది, ఇంగ్లీషు వచ్చు. దేవి అనే పేరు వినగానే మాణిక్యం గారు మా పెద్దమ్మ పేరేనని పొంగిపోయారు. వార్తిని ఆ పెన్ను ఆవిడ చేతికిచ్చి గీయమంది. అచ్చులు కొట్టిన చేయి కాబోలు, గీత రాలేదు, మైనం బొట్లు బొట్లుగా పడింది. వార్తిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మాణిక్యం గారు తండ్రి గురించి నాతో చెప్పించారు. నేను ఇంగ్లీషులో చెబితే దేవి వాళ్ళ భాషలో చెప్పింది. పొయ్యి కిందకి పోయిన అచ్చుల మాట దగ్గర వార్తిని పని ఆపి, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

తర్వాత నాలుగేళ్ళపాటు వార్తిని మాకు ఏటా స్కార్ఫులు గీసిచ్చింది. షాపులో అన్నిటికంటే ముందు అవే అమ్ముడయ్యేవి. కార్డు మీద ఆమె పేరు, ఊరు, ఒక్కో స్కార్ఫుకి పట్టే పద్దెనిమిది రోజులు, అంతే రాశాను. ఒక కస్టమర్ స్కార్ఫుతో పాటు కార్డుకి కూడా ఫ్రేమ్ కట్టించానని వచ్చి చెప్పింది. ఆ రోజు నేను లోలోపల ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

చివరిసారి వెళ్ళినప్పుడు వార్తిని కళ్ళలో పొర కనబడింది. పొద్దుటి వెలుతురులోనే గీస్తోందని, ఆపరేషన్ చేయించాలని దేవి చెప్పింది. వార్తిని అన్నీ మాకిచ్చి ఒక్క స్కార్ఫు మాత్రం పక్కన పెట్టింది. అందులో ఒక పక్షి కంటి చుట్టూ గీసే సున్నా కింద కలవలేదు. సన్నటి ఖాళీ. ఇది అమ్మొద్దని అడిగింది. మాణిక్యం గారు అమ్మనని, తానే కట్టుకుంటానని చెప్పి దాన్ని విడిగా సంచిలో పెట్టుకున్నారు.

మరుసటి ఏడు క్రిస్మస్ సీజన్‌కి ముందు కార్టన్లు వచ్చాయి. జావా నుంచి రాలేదు, ఇండియా నుంచి వచ్చాయి. విప్పితే వార్తిని పక్షులు. చేతికి అలవాటైపోయి అంచు వెనక్కి తిప్పాను. వెనక కూడా అంతే రంగు. ఒక్క క్షణం నిజంగానే ఆమె గీసినవేననుకున్నాను. తర్వాత పక్షి కన్ను చూశాను. సున్నా కింద కలవలేదు. పక్క పక్షికీ కలవలేదు. ఆ పక్కదానికీ. మరో స్కార్ఫు తీశాను. ప్రతి పక్షి కంట్లోనూ అదే చోట అదే ఖాళీ. ఆమె అమ్మొద్దన్న స్కార్ఫులోని ఆ ఒక్క పక్షినే తీసుకుని కంప్యూటర్లో వరసలుగా పేర్చారు.

మాణిక్యం గారు కౌంటర్ వెనక దారాలు కత్తిరిస్తున్నారు.

"వెనక వైపు కూడా వేయించారా?" అన్నాను.

"తిప్పి చూసేవాళ్ళుంటారుగా."

"ఇవి ఆమె గీసినవి కావు కదండీ."

"గీత ఆమెదేగా. కార్డు పాతదే కట్టు."

"మరి ఆమె ఆర్డర్?"

"ఈ ఏడు లేదని రాసెయ్."

నేను కదలకపోయేసరికి ఆవిడ కత్తెర కింద పెట్టారు. ఆన్‌లైన్‌లో ప్రింట్లు చవగ్గా దొరుకుతుంటే జనం షాపుకి రావడం తగ్గిందని నాకూ తెలుసు. ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

"మా నాన్న బతికినంతకాలం గుడ్డ వెనక్కి తిప్పి చూపించాడమ్మాయ్. అందరూ చూశారు. బావుందన్నారు. పక్క కొట్లో కొనుక్కెళ్ళారు. నేనిప్పుడు పక్క కొట్టు పెట్టుకున్నా. అంతే."

ఆ నెలలోనే మా ఆయనకి లేఆఫ్ వచ్చింది. ఇది సాకుగా చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. పేరు మార్చి రాస్తానని గానీ, మానేస్తానని గానీ నేను అనలేదు. కూర్చుని, ఒక్కొక్క స్కార్ఫుకీ కార్డు నా చేత్తోనే కట్టాను. దేవికి రెండు వాక్యాల మెయిల్ పంపాను. ఈ ఏడు ఆర్డర్ లేదు, అమ్మగారిని అడిగామని చెప్పండి. కారణం రాయలేదు. క్లుప్తంగా రాయడం నాకు బాగా వచ్చు.

ఆ వేసవిలో దేవి నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. టొరాంటో నుంచి టూరుకి వచ్చిన భార్యాభర్తలు కార్డు మీది పేరూ ఊరూ పట్టుకుని వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారట. భార్య మెడలో మా స్కార్ఫు. మీరు గీసిందే, మాకు ప్రాణం అని తీసి వార్తిని ఒళ్ళో పెట్టారట. వార్తిని దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. వెనక్కి తిప్పి చూసింది. ఫొటోకి నవ్వుతూ కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక అన్నం తినలేదు. దేవి చివర్లో రాసిన మాటలు నాకు కంఠస్థం. పక్షుల కళ్ళన్నీ ఇలా పాడుచేశానని అమ్మకి తెలియలేదట. మీరు ఆర్డర్ ఎందుకు ఆపేశారో ఇప్పుడు అర్థమైందట. మీ తప్పేమీ లేదని చెప్పమంది.

మెసేజ్ మాణిక్యం గారికి చూపించాను. జవాబు ఇవ్వకు, ఊరుకుంటే అదే సర్దుకుంటుంది అన్నారు. ఎనిమిది రోజులు ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే ఫోన్ తీసి, ఆ మాటలు చదివి, జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. తొమ్మిదో రోజు ఉండబట్టలేక అంతా రాసేశాను. అవి అమ్మగారు గీసినవి కావు, ప్రింటు, మేమే చేయించాం, కార్డు రాసింది నేనే, ఆమె చేతికి ఏమీ కాలేదు.

సాయంత్రానికి దేవి నుంచి జవాబు వచ్చింది: అమ్మకి చదివి వినిపించాను. మీరు మంచివారు కనుక తను బాధపడకూడదని ఇలా రాశారంటోంది. కార్డులో అంతా స్పష్టంగా ఉందిగా అంటోంది. పెనం, పొయ్యి మొన్ననే పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. మీకు కృతజ్ఞతలు చెప్పమంది.

మర్నాడు షాపులో ఫోన్ మాణిక్యం గారి ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తనకి చెప్పకుండా ఎందుకు రాశావని కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"నువ్వు చెప్పింది నమ్మలేదు. నీ కార్డుని నమ్మింది" అన్నారు. కళ్ళజోడు తీసి, "అంత బాగా రాశావమ్మాయ్" అన్నారు.

అందులో వెక్కిరింత లేదు. పని నేర్పినవాళ్ళు పని చూసి చెప్పే మాటలాగే చెప్పారు. ఆ వారమే నేను మానేశాను. ఆవిడ ఆపలేదు. స్కార్ఫులు ఆ సీజన్‌లో అయిపోయేదాకా అమ్మారని తర్వాత విన్నాను. మేం వాటర్లూ వచ్చాక ఒకసారి ఫోన్ చేసి మా ఆయన ఉద్యోగం గురించి అడిగారు. వార్తిని మాట ఇద్దరమూ ఎత్తలేదు. ఆ తర్వాత ఆవిడ పోయిన కబురే వచ్చింది.

ఇప్పుడు ఇక్కడి కమ్యూనిటీ సెంటర్ పత్రికకి రాస్తున్నాను. ఎవరు, ఏ ఊరు, ఎన్ని రోజులు. ఆవిడ నేర్పిన పద్ధతే, ఇంకోటి రాదు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఎదురుపడి, మీరు రాస్తే ఇట్టే నమ్మబుద్ధేస్తుందండీ అంటారు. థాంక్స్ చెప్పి వచ్చేస్తాను. ఆ రోజు ఇక ఒక్క వాక్యం కూడా రాయలేను.